కొత్త పెట్టె ముహూర్తం

“ఎ.సి.లో కూచోని వచ్చినావు, నీకేం అలుపు?” అన్నాడు యేసేపు, ఇంకో రొట్టె కోసం పళ్ళెం ముందుకు తోస్తూ.

సారమ్మ జొన్నపిండి ముద్దను పీట మీద అరచేత్తో తట్టి తట్టి వెడల్పు చేస్తోంది. రొట్టె తట్టేటప్పుడు మాట్లాడితే చెయ్యి తప్పుతుంది, అంచు పగులుతుంది. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఎన్నో మాటలకు ఆమె ఇట్లా రొట్టె తడుతూనే జవాబు చెప్పకుండా దాటవేసింది.

ఆదోనిలో ఒక పత్తి మిల్లు. యేసేపు అందులో పత్తి నుంచి గింజ తీసే జిన్ను మిషన్ల ఫిట్టరు, ఏడేళ్ళుగా టెంపరరీ. సారమ్మ అదే మిల్లు ఆఫీసులో టైపిస్టు. ఇద్దరూ ఒకే గేటులో పోతారు, ఒకే గేటులో వస్తారు. వచ్చాక అతను కాళ్ళు కడుక్కొని అరుగు మీద కూచుంటాడు. ఆమె చీర కూడా మార్చకుండా పొయ్యి ముందర కూచుంటుంది. “నా చేతులు సూడు, నీ చేతులు సూడు” అంటాడు అప్పుడప్పుడు. గ్రీజు అంటిన చేతులు కాబట్టి అవి పని చేసిన చేతులు. మీటలు నొక్కే చేతులకు ఏమీ అంటదు కాబట్టి అవి చేసింది పని కాదు. అత్త కూడా అదే లెక్కన మాట్లాడుతుంది. “కూచోని వచ్చిన దానివి, నాలుగు బిందెలు నీళ్ళు తెస్తే అరిగిపోతావా?” అంటుంది. నాలుగు బిందెలకూ సారమ్మే పోతుంది.

ఆ బుధవారం ఆమె పొద్దున తాగిన టీ తప్ప ఏమీ తినలేదు. ఎందుకు తినలేదో చెప్పాలంటే మిషను సంగతి మొదటి నుంచీ చెప్పాలి.

మిల్లుకు కంప్యూటరు వచ్చింది ఎనభై ఏడు వేసవిలో. హైదరాబాదు నుంచి ఇంజనీరు వచ్చి నాలుగు దినాలు ఉండి నేర్పించాడు. నేర్చుకోవలసినవాళ్ళు ఇద్దరు: మేనేజరు ఉచ్చీరప్ప, కాటా గుమాస్తా గౌస్. సారమ్మను పిలిచింది ఇంజనీరు చెప్పే అక్షరాలు కొట్టడానికి. ఎమ్మిగనూరులో టైపు హయ్యర్ పాసయిన వేళ్ళు గదా. నాలుగు దినాలూ ఉచ్చీరప్ప ఇంజనీరు పక్కన కుర్చీ వేసుకొని తల ఊపాడు. గౌస్ కాటాకూ ఆఫీసుకూ మధ్య పరుగెత్తుతూ సగం విన్నాడు. మీటల మీద ఉన్నది సారమ్మ వేళ్ళు. చదువు ఆ వేళ్ళలోకి పోయింది.

పోయేముందు ఇంజనీరు మిషనుకు పేర్లు ఎక్కించాడు. ఎవరెవరు వాడతారో వాళ్ళ పేరు, వాళ్ళకు ఇంత జాగా అని. మిల్లు యజమాని సేటు పేరు ఎక్కింది, ఉచ్చీరప్ప పేరు ఎక్కింది, గౌస్ పేరు ఎక్కింది. “ఈ అమ్మ పేరు?” అన్నాడు ఇంజనీరు.

“ఆమె టైపిస్టు సార్. నా పేరు మీదనే చేస్తాది,” అన్నాడు ఉచ్చీరప్ప.

అప్పటి నుంచి పొద్దున తొమ్మిదికి మిషను పేరు అడిగినప్పుడల్లా సారమ్మ ఉచ్చీరప్ప అయ్యేది. సాయంత్రం ఆరుకు మళ్ళీ సారమ్మ అయ్యేది, పొయ్యి ముట్టించడానికి.

పత్తి బండి వచ్చిందంటే దానికొక లాటు నంబరు. రైతు పేరు, ఊరు, తూకం, తేమ, ఏ కుప్పలో పోశారు అన్నది దాని వెంట ఉంటాయి. హొళగుంద వైపు పత్తి పోగు పొడుగు, దేవనకొండ మెట్టచేలది పొట్టి. తెలియక రెండూ ఒకటిగా జిన్నుకు వేస్తే కట్టిన దూది బేళ్ళన్నీ చెడతాయి. ఆవరణలో నలభై యాభై తెల్లటి కుప్పలు, చూపుకు అన్నీ ఒకటే. ఏది ఏదో చెప్పేది మిషనే. గౌస్ కాటా దగ్గరి తెర మీద ఎక్కిస్తాడు. అవి తీగలో వచ్చి ఆఫీసు గదిలోని పెట్టెలో చేరతాయి. పెట్టె అంటే ఇనప డబ్బా, రెండు ఇటుకలు పక్కపక్కన పెట్టినంత ఉంటుంది. ఆ పెట్టెలో ఎవరికి ఎంత జాగా, ఎంత నిండింది, ఏది పక్కకు జరపాలి, ఏది చెరపొచ్చు, ఇదంతా చూసేది సారమ్మ. నల్లటి తెర మీద పచ్చటి గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. దాని ముందర కావలసిన మాటను అక్షరం పొల్లుపోకుండా కొట్టాలి. కొడితే చేస్తుంది. తప్పితే చెయ్యనంటుంది.

ఎవరికీ చెప్పలేదు గాని ఆ పని ఆమెకు ఇష్టం. ఇంట్లో ఆమె నోట్లోంచి వచ్చిన మాట పిల్లల అల్లరిలోనో, అత్త దగ్గులోనో, యేసేపు రేడియోలోనో కలిసిపోయేది. “కట్టెలు అయిపోయినాయి” అని మూడుసార్లు చెబితే నాలుగోసారి ఆమే పోయి తెచ్చుకునేది. ఇక్కడ సరిగా ఒక్కసారి చెబితే చాలు. తప్పు చెబితే తప్పు అంటుంది, అంతే. మీ అమ్మ నీకేం నేర్పించిందని అడగదు. ఇంకొకటి కూడా ఉంది. ఏదైనా చెరిపే ముందర మిషను ఆగి అడుగుతుంది: ఇక్కడ ఉన్నదంతా పోతుంది, సరేనా? అని. ఔనంటే ఒక మీట, కాదంటే ఒక మీట. ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా సారమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకొని ఒక నిమిషం ఊరికే కూచునేది. పెళ్ళి కుదిర్చినప్పుడు, ఎమ్మిగనూరు బడిలో వచ్చిన ఉద్యోగం వద్దని ఆదోనికి తెచ్చినప్పుడు, రెండో కాన్పు అయిన మూడో దినం ఆపరేషనుకు వేలిముద్ర వేసినట్టు సంతకం పెట్టించుకున్నప్పుడు, ఆమెను ఎవరూ ఇంత మర్యాదగా అడగలేదు.

ఆ గదికి ఒక కట్టుబాటు ఉంది. మిషను తెరిచిన దినం కొబ్బరికాయ కొట్టిన పూజారి గడపకు పసుపు పూసి, “లక్ష్మి కూచునే జాగా ఇది. బయటున్న ఆడోళ్ళు ఈ గడప దాటగూడదు” అని చెప్పి పోయాడు. ఆఫీసులో ఆడవాళ్ళు ఇద్దరే. ఊడ్చే హులిగెమ్మకు ఆ కాలం దాటిపోయి పదేళ్ళయింది. అంటే ఆ కట్టుబాటు ఒక్క మనిషి కోసం పుట్టింది.

“మీలో ఇట్లాంటివి లేవని తెలుసు గాని సారమ్మా, మిషను మాది గదా,” అన్నాడు ఉచ్చీరప్ప నవ్వుతూ.

వాళ్ళలో లేవన్నది కూడా సగం మాటే. ప్రభువును నమ్మినవాళ్ళకు మైల లేదని పాస్టరు చెబుతాడు. అత్త ఆమేన్ అంటుంది. ఇంటికి వచ్చాక ఊరగాయ జాడీ మాత్రం ముట్టనియ్యదు. నీళ్ళ బిందె ముట్టొచ్చు, కట్టెల మోపు ముట్టొచ్చు, అంట్లు ముట్టొచ్చు.

నెలలో ఒక పొద్దున హులిగెమ్మ చీపురుతో వచ్చి సారమ్మ ముఖం చూసి, గొంతు తగ్గించి, “స్టూలు బయటెయ్యాల్నా అమ్మాయ్?” అని అడుగుతుంది. సారమ్మ తల ఊపితే చెక్క స్టూలు గడప బయట వరండాలో పడుతుంది. నాలుగు దినాలు ఆమె ఆ స్టూలు మీద కూచొని తెరిచిన తలుపులోంచి అక్షరాలు చెప్పాలి. లోపల ఉచ్చీరప్ప ఒక్క వేలితో వెతికి వెతికి కొట్టాలి. స్టూలు బయట పడిందంటే మిల్లు మొత్తానికి తెలుసు. తెలిసినట్టు ఎవరూ మాట్లాడరు. గౌస్ మంచివాడు, ఆ దినాల్లో కాగితాలు ఇచ్చేటప్పుడు గోడ వైపు చూస్తూ ఇస్తాడు. బేళ్ళు మోసేవాళ్ళు వరండాలో పోతూ ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటారు. మొదట్లో ఆమెకు చెవులు కాలిపోయేవి. ఏడాదిన్నరలో అలవాటయిందని అనుకుంది.

ఈ ఏడు దసరా నుంచి పత్తి విపరీతంగా వచ్చింది. పెట్టెలో జాగా చాలదని మిషను దినమూ చెబుతోంది. సారమ్మ పోయిన ఏటి లాటులన్నీ కాగితం మీద అచ్చు తీసి, పుస్తకాలు కుట్టించి, మిషనులోంచి తీసేసింది. మళ్ళీ నిండింది. కార్తీకం వెళ్ళేసరికి సర్దడానికి కూడా చోటు మిగల్లేదు. సేటు హైదరాబాదు నుంచి కొత్త పెట్టె తెప్పించాడు, పాతదానికి రెండింతలు పట్టేది. ఇంజనీరుకు రావడానికి వీలుపడలేదు. ఏం చెయ్యాలో నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. ఉచ్చీరప్ప ఉత్తరాన్ని తిప్పి చూసి, “నువ్వు సదువు, నాకు టైము లే,” అని సారమ్మ బల్ల మీద వేశాడు.

మూడుసార్లు చదివింది. మిషను వెనక పొట్టి తీగలు రెండు. ఎడమ తీగకు తగిలించిన పెట్టె సున్నా, కుడి తీగకు తగిలించినది ఒకటి. మిషనుకు పెట్టెలు తెలియవు, తీగలే తెలుసు. బుధవారం మధ్యాహ్నం అన్నం గిన్నె మూత తీయకుండానే కూచుంది. ఇంకో పెట్టె వచ్చిందని, దాని కొలత ఇంత అని, దాన్ని ఇన్ని భాగాలు చెయ్యమని, ఏ భాగం ఎవరి పేరు మీద ఉండాలని, ఒక్కొక్క మాటే మిషనుకు చెప్పింది. రెండుసార్లు కాదంది. ఉత్తరం మళ్ళీ చదివి మళ్ళీ చెప్పింది. సాయంత్రం నాలుగు దాటాక సరే అంది. ఇంక మిగిలింది ఒక్కటే. పాత పెట్టెలో ఉన్నదంతా కొత్తదానిలోకి నకలు చెయ్యాలి, సున్నా నుంచి ఒకటికి. ఒక్క వరస కొడితే అయిపోతుంది.

“అది ఆపమ్మా,” అన్నాడు ఉచ్చీరప్ప. “రేపు గురువారం తొమ్మిది నలభై నుంచి పది ఇరవై దాకా ముహూర్తం. రాయచూరు సిద్ధాంతి వస్తాండాడు, సేటు కూడా వస్తాడు. ఆ పని నా చేత్తో చేస్తాను. ఏం కొట్టాల్నో పెద్దచ్చరాలతో కాయితం మీద రాసియ్యి.”

రాసిచ్చింది. ఇంటికి పోయింది. యేసేపు ఆ మాట అన్నది ఆ సాయంత్రమే.

గురువారం తెల్లవారి నీళ్ళకు పోయినప్పుడు పొత్తికడుపులో నొప్పి తెలిసింది. ఇంకా మూడు దినాలకు గాని రాదనుకుంది, ముందే వచ్చింది. ఆఫీసులో హులిగెమ్మ అడగకుండానే ముఖం చూసి, “అయ్యో శివనే, ఈ పొద్దేనా!” అని స్టూలు తీసుకుపోయి బయట వేసింది.

తొమ్మిదిన్నరకు సిద్ధాంతి వచ్చాడు. గదిలో దిక్సూచి పెట్టి చూశాడు. నిండిన పెట్టె బరువైనది, అది నైరుతిలో ఉండాలన్నాడు. కొత్తది కుబేర స్థానంలో, ఉత్తరాన ఉండాలన్నాడు. ఉచ్చీరప్ప మిషను ఆపి, తీగలు ఊడదీసి, ఇద్దరూ కలిసి పెట్టెలు అటుదిటు ఇటుదటు జరిపారు. తీగలు పొట్టివి. ఏ తీగ ఏ పెట్టెకు అందితే ఆ తీగ దానికి తగిలించారు. సారమ్మ స్టూలు మీద నుంచి చూస్తోంది. ఎడమ తీగ పోయి కొత్త పెట్టెకు తగిలింది. ఆమె లేచి నిలబడింది.

“సార్, తీగలు మారినాయి. ఇప్పుడు సున్నా కొత్తది. కాయితంలో ఉండేది కొట్టొద్దండి.”

“ఆ అమ్మ గడప మీదికి వస్తాంది సూడు,” అన్నాడు సిద్ధాంతి.

“సార్, ఒక్క నిమిషం. ఖాళీ పెట్టె తెచ్చి నిండిన పెట్టె మీద—”

“సారమ్మా, నువ్వు రాసిచ్చిందే గదా నేను కొడతాండేది?” ఉచ్చీరప్ప వెనక్కి తిరగలేదు. “ముహూర్తం దాటిపోతాంది. గమ్మున కూచో.”

మిషను మళ్ళీ వెలిగించి, ఒక్కొక్క అక్షరం వెతికి కొట్టాడు. మిషను ఆగింది. ఒకటిలో ఉన్నదంతా పోతుంది, సరేనా అని అడిగింది. సారమ్మకు బయటి నుంచి తెర మీది వరస కనిపించింది. ఉచ్చీరప్ప ఆ వరసను చదవలేదు. ఔను అన్నాడు.

నకలు అయిపోయేసరికి పది గంటలు. సేటు దండతో వచ్చాడు, అందరూ లేచారు, కొబ్బరికాయ పగిలింది. సిద్ధాంతి తాంబూలం తీసుకొని బస్సుకు పోయాడు. సేటు కుర్చీలో కూచొని సంతోషంగా, “హొళగుంద లాట్లు చూపించు ఉచ్చీరప్పా,” అన్నాడు. తెర మీద ఏమీ లేదు. దేవనకొండ అన్నాడు. ఏమీ లేదు. గోనెగండ్ల. ఏమీ లేదు. దసరా నుంచి మార్గశిరం దాకా పదకొండు వేల లాట్లు. ఆ పెట్టెలోనూ లేవు, ఈ పెట్టెలోనూ లేవు.

“క్యా హువా? ఎవరు చేసినారు ఇది?” అన్నాడు సేటు. సేటు రాకముందే స్టూలు తీసేశారు. సారమ్మ వరండా చివర కిటికీ దగ్గర ఉంది.

“కాయితం సారమ్మ రాసింది సేటూ,” అన్నాడు ఉచ్చీరప్ప.

మధ్యాహ్నం ఉచ్చీరప్పే ఆమె దగ్గరికి వచ్చాడు. గొంతులో కోపం లేదు, అందుకే ఆమెకు భయం వేసింది.

“సారమ్మా, కాయితం నీ రాతే. ‘నేనే కొట్టినాను, తప్పయింది’ అని రెండు ముక్కలు రాసియ్యి. రేపు పొద్దున సేటు అందర్నీ కూచోబెట్టి అడుగుతాడంట. ఆడమనిషివని నిన్నేమీ అనడు. మహా అంటే టైపు మిషను మీదికి పంపిస్తాడు. బళ్ళారిలో నేర్చుకున్న పిల్లోడు ఎవడో ఉన్నాడంట, వాణ్ణి తెచ్చుకుంటాడు. నాదైతే ఉద్యోగమే పోతాది.”

“నేను లోపలే లేను గద సార్.”

“లేవు. ఎవరు లేదన్నారు? ఎవరేం కొట్టినారో మిషను అచ్చు తీసే కాయితంలో చూస్తే నా పేరే ఉంటాది. దినమూ నా పేరు మీద నువ్వే కొడతావని సేటుకు తెలుసు.” గొంతు తగ్గించాడు. “లోపల లేనంటావు. ఎందుకు లేవమ్మా అంటే సేటుకు ఏం చెప్తావు? అంతమంది మొగోళ్ళ ముందర?”

సారమ్మ కొంగు భుజం మీదికి లాక్కుంది.

“యేసేపు పర్మినెంటు కాయితం నా బల్ల మీదనే ఉంది. వాడితో కూడా మాట్లాడినాను,” అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంటికి పోయేసరికి ఇంట్లో అందరికీ తెలుసు. పిల్లలను అత్త బయటికి పంపించింది. సారమ్మ పొయ్యి ముందర కూచొని పిండి కలుపుకుంది.

“రాసియ్యి,” అన్నాడు యేసేపు. “ఒక సంతకమే గదా, ఏం పోతాది? ఏడేళ్ళు, సారా. ఏడేళ్ళనుంచి ఆ కాయితం కోసం వాని ఎనక తిరుగుతాండాను.”

“నేను చెయ్యలేదు.”

“చెయ్యలేదని నాకు తెల్దా? తెలుసు. అయితే ఏం చెప్తావు ఆడ?”

“ఉన్నది చెప్తాను.”

“ఏం చెప్తావే?” అంది అత్త గోడకు ఆనుకొని. “మొగోళ్ళ ముందర నిలబడి, నేను బయటున్నాను అంటావా? మీ మామ బతికినన్నాళ్ళు నా నోట్లోంచి ఆ మాట యిన్లే. సచ్చేదాకా యిన్లే.”

“ఆ స్టూలు మీద కూచోబెట్టింది వాళ్ళే గదత్తా. మిల్లులో ఎవురికి తెల్దు?”

“తెలిసేది వేరు, సెప్పేది వేరు,” అంది అత్త.

యేసేపు తల వంచుకొని, “నా పక్కన పని చేసేటోళ్ళు ఏమనుకుంటారు?” అన్నాడు. అతని గొంతు నిజంగా నలిగింది. అతను చెడ్డవాడు కాదు. ఆమెను ఎప్పుడూ కొట్టలేదు. జీతం చేతికి వచ్చిన దినం పిల్లలకు బూందీ తెస్తాడు. ఆ గొంతు వింటే ఏ దినమైనా ఆమె సరే అనేది.

రొట్టెలు కాలుస్తూ సారమ్మ ఆ మాటను మనసులో వెతికింది. పదమూడో ఏట మొదలైంది, ఇప్పుడు ముప్పై రెండు. ఇన్నేళ్ళలో ఒక మగమనిషి ముందర ఆ మాట ఎప్పుడైనా అన్నానా అని చూసుకుంది. ఎమ్మిగనూరు బళ్ళో తలనొప్పి అని రాసేది. టైపు నేర్పే మాస్టరుకు జ్వరం అని చెప్పేది. యేసేపుకైతే చెప్పేది కూడా లేదు, చాప తెచ్చి తలుపు దగ్గర వేసుకుంటే అతనికి తెలుస్తుంది. పాస్టరమ్మ బలహీనత అంటుంది. హులిగెమ్మ స్టూలు అంటుంది. ఎన్ని పేర్లో. దానికి ఉన్న పేరు ఒక్కటి తప్ప అన్నీ. ఉచ్చీరప్పకు ఈ సంగతి బాగా తెలుసు. ఆమె పనితనం ఏడాదిన్నరగా పక్కన కూచొని చూసినా అతనికి తెలియలేదు గాని, ఆమె ఏ మాట అనలేదో మాత్రం బాగా తెలుసు. ఆ ఒక్కటి నమ్ముకొని అతను ఈ పూట నిమ్మళంగా అన్నం తింటూ ఉంటాడు.

ఆమెకు కోపం రావలసింది. రాలేదు. అలుపు వచ్చింది. సంతకం పెట్టినా పెట్టకపోయినా పని తనదేనని ఆమెకు తెలుసు. కాటా చీటీల నకళ్ళు గౌస్ దగ్గర గోతాల్లో ఉన్నాయి. పదకొండు వేల చీటీలు ఎవరో ఒకరు మళ్ళీ మిషనుకు ఎక్కించాలి. బళ్ళారి పిల్లోడు వచ్చేదాకా బండ్లు ఆగవు. తప్పు తనదని రాయించుకొని, ఆ తప్పును తనతోనే దిద్దించుకొని, దిద్దడం అయిపోయాక తనను టైపు మిషను దగ్గరికి పంపిస్తారు. అప్పుడు కూడా మిషను కాగితంలో ఉచ్చీరప్ప అనే ఉంటుంది. ఇంటికి వస్తే, కూచోని వచ్చినావు నీకేం అలుపు అని ఉంటుంది. ఒక్కటి మాత్రం కొత్తగా చేరుతుంది: ఆ ఆడమనిషి మిషను చెడగొట్టిందంట అన్న మాట. ఆమె కూతుళ్ళు పెరిగి ఆ మిల్లు ముందర పోయినా ఆ మాట అక్కడ ఉంటుంది.

“ఏమంటావు?” అన్నాడు యేసేపు.

“రొట్టె మాడుతుంది, ఉండు,” అంది.

శుక్రవారం పొద్దున ఆరింటికి, పిల్లలకు తలలు దువ్వాక, పెద్దపిల్ల నోటుబుక్కులోంచి కాగితం చించుకొని రాసింది. ఏడు వరసలు. ఒక చోట పెన్ను చాలాసేపు ఆగింది. యేసేపు అది చూసి సంతకం పెడుతోందని అనుకున్నాడు. గేటు దాకా ఆమె పక్కనే నడిచాడు. “మంచి పని చేసినావు,” అన్నాడు.

గేటు బయట బండ్లు రోడ్డు దాకా నిలబడిపోయి ఉన్నాయి. ఏ కుప్పలో పొయ్యాలో చెప్పేవాళ్ళు లేక కాటా ఆపేశారు. ఆఫీసులో మిషను గది తలుపు ముందర సేటు నిలబడి ఉన్నాడు. రాత్రి నిద్ర లేనట్టు కళ్ళు. ఉచ్చీరప్ప, గౌస్, ఇద్దరు కుప్పల మేస్త్రీలు, గోడ దగ్గర యేసేపు. హులిగెమ్మ మూల ఊడుస్తోంది, ఊడ్చిందే ఊడుస్తోంది.

“రాసి తెచ్చింది సేటూ,” అన్నాడు ఉచ్చీరప్ప చెయ్యి చాపి.

సారమ్మ కాగితం అతనికి ఇవ్వలేదు. “నేనే చదువుతాను,” అంది. కాగితం మడత విప్పింది. మొదలుపెట్టింది.

“సేటుగారికి. గురువారం ముహూర్తంలో నకలు చేసినది నేను కాదు. ఆ సమయంలో నేను గది లోపల లేను. నేను ముట్టులో ఉన్నాను. ముట్టులో ఉన్న దినాల్లో నన్ను మిషను గదిలోకి రానివ్వరు, గడప బయట స్టూలు మీద కూచోబెడతారు. ఏడాదిన్నరగా ఇట్లే జరుగుతోంది. పెట్టెలు జరిపినప్పుడు తీగలు మారినాయని, కాగితంలో ఉన్నది కొట్టవద్దని బయటి నుంచి చెప్పినాను. నన్ను కూచోమన్నారు. ఇట్లు, సారమ్మ.”

గౌస్ గోడ వైపు చూశాడు. మేస్త్రీలలో ఒకడు నవ్వబోయి, ఎవరూ నవ్వకపోయేసరికి దగ్గాడు. యేసేపు ఆమె వైపు చూడలేదు, నేల చూస్తూ ఉన్నాడు. ఆమెకు అతని మెడ వెనక భాగం ఒక్కటే కనిపిస్తోంది, ఎర్రగా.

“స్టూలా?” అన్నాడు సేటు. “ఆ స్టూలు ప్యూను కోసమనుకున్నా నేను. ఇది నిజమా ఉచ్చీరప్పా?”

“ఆడోళ్ళ సంగతులు సేటూ, మనకెందుకు అవి. పూజారి చెప్పినాడని—”

“నేనే ఏసినా స్టూలు,” అంది హులిగెమ్మ మూలలోంచి. చీపురు పట్టుకొనే నిలబడింది. “నెల నెలా నేనే ఏసినా. నిన్న కూడా ఏసినా. తీగలు మారినాయి సార్ మారినాయి సార్ అని మొత్తుకునింది ఆ అమ్మాయి. గమ్మున కూచో అన్నాడు ఈయప్ప. నా చెవులతో విన్నా. నన్ను కూడా తీసేస్తే తీసేయ్ సేటూ.”

బయట ఎవరో బండి రైతు కేకలు వేస్తున్నాడు. సేటు ముఖం తుడుచుకొని, సారమ్మ వైపు తిరిగి, మొట్టమొదటిసారి ఆమెనే అడిగాడు. “ఇప్పుడు ఎట్లా?”

“కాటా చీటీలు గోతాల్లో ఉండాయి. అన్నీ మళ్ళీ ఎక్కించొచ్చు. కుప్పల మీద ఉండే లాటులు ముందర ఎక్కిస్తే సాయంత్రానికి బండ్లు కదుల్తాయి. అన్నీ కావాలంటే ఇరవై దినాలు.”

“చెయ్యి అయితే.”

“సోమవారం నుంచి మొదలు పెట్టిద్దాం సేటూ,” అన్నాడు ఉచ్చీరప్ప, ఎవరి ముఖమూ చూడకుండా. “ఈ నాలుగు దినాలు కానీ. మళ్ళీ ఏమన్నా అయితే…”

సేటు గడియారం చూశాడు, గేటు వైపు చూశాడు, గడపకు పూసిన పసుపు వైపు చూశాడు.

“ఈ పొద్దు రెండో దినం సేటూ,” అంది సారమ్మ. “ఇప్పుడు లోపలికి పోతే ఇప్పుడే మొదలుపెడతాను. సోమవారమంటే, ఇంక ఏ సోమవారమూ నేను రాను.”

సేటు తలుపుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు. కాసేపటికి పక్కకు జరిగాడు.